ఆరు బోల్టుల పసుపు గీత

కిందటి వారం మీరు పేజీ తిప్పేసరికి నేను ఆ పాత కారులో డ్రైవర్ సీట్లో ఉన్నాను. వెనక చక్రాలు రెండూ స్టాండ్ల మీద గాల్లో ఉన్నాయి. ఇంజిను నడుస్తోంది, బండి గేర్లో ఉంది, నా ఎడమ కాలు క్లచ్ పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కి పట్టింది. క్లచ్ తొక్కితే చక్రాలు ఆగాలి. అద్దంలోంచి చూస్తున్నాను, తిరుగుతూనే ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ల కిందట ఇదే షెడ్డులో, ఇదే కారులో, ఇదే సీట్లో కూర్చున్న మనిషి చెప్పింది కూడా సరిగ్గా ఇదే. "నేను క్లచ్ మీంచి కాలు తియ్యలేదు" అన్నాడు నాన్న దగ్గర పనిచేసే చిన్నమేస్త్రి. పోలీసులకి చెప్పాడు, మా నాన్నకి చెప్పాడు, చివరికి గేటు ముందు నిలబడి దారినపోయేవాళ్లకి కూడా చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. హ్యాండ్‌బ్రేక్ తీగ ఊడదీసి ఉంది కాబట్టి బండిని గేర్లో నిలబెట్టారు. క్లచ్ తొక్కి సెల్ఫు కొడితే బండి కదలకూడదు. కదిలింది. వైస్ దగ్గర వంగి ఏదో ఇనపముక్కకి ఆకురాయి పడుతున్న మా బాబాయిని బల్లకేసి నొక్కేసింది. చిన్నమేస్త్రి కాలు జారింది, బాబాయి ప్రాణం పోయింది. ఇంతే కథ అని మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. ఆ కథతోనే పెరిగాను.

ఇంజిను ఆపేశాను. నేను పిరికిదాన్ని కాదు. జాకీ జారి లారీ పక్కకి ఒరిగిన రోజు కూడా ముందు నా టిఫిను డబ్బా తీసుకునే బయటికి వచ్చానని నాన్న ఇప్పటికీ వెక్కిరిస్తాడు. కానీ ఆ పొద్దున స్టీరింగు పట్టుకుని ఆ సీట్లోనే కూర్చున్నాను.

ఈ బండిని మూడు వారాల కిందట చిన్నమేస్త్రి కూతురు లాగించుకొచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు, నాకంటే పదేళ్లు చిన్నది. పాత గోడౌనులో పడి ఉన్నదాన్ని వెతికి పట్టుకుందట. వాళ్ల నాన్నకి ఊపిరితిత్తులు పాడైపోయాయట. ఎక్కువ రోజులు లేవని డాక్టర్లు చెప్పేశారట. ఆయన అడిగింది ఒక్కటే, ఆ బండి క్లచ్ ఇంకొక్కసారి తొక్కి చూడాలని. నాన్న ఆమెని గేటు దాటనివ్వడనుకున్నాను. నాన్న మాత్రం బండి చుట్టూ ఒకసారి తిరిగి, తను ముట్టుకున్న బండి ఇంకొకడి చేతికి పోకూడదు, ఇక్కడే పెట్టమన్నాడు. ఎంత పెద్ద మనసో అని నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

గేర్‌బాక్స్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే దింపి, లోపల మార్చాల్సినవి మార్చి, మళ్లీ ఎక్కించాను. దింపిన రోజున క్లచ్ కూడా విప్పుదామని పానా తీశాను. నాన్న కుర్చీలోంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అది తన చేత్తో బిగించిన కొత్త ప్లేటు, గజం దూరం నడవలేదు, ముట్టుకోవద్దన్నాడు. కొత్తదైనా ముప్ఫై ఏళ్లు పడుకుంది కదా అన్నాను. నీకు పని నేర్పింది ఎవరని అడిగాడు. ఆ ప్రశ్న మా ఇంట్లో ఆఖరి మాట, పానా డబ్బాలో పెట్టేశాను.

ఎక్కించాక క్లచ్ వదలడం మానేసింది. తప్పు నాదేననుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడితే ప్లేటు వంగుతుంది. నేనే వంచేశానేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు. క్లచ్ నూనె పైపుల్లో గాలి ఉందేమోనని మూడుసార్లు తీశాను. ఒక్క బుడగ రాలేదు. నేను కింద పడుకుని, బాబాయి భార్య మా పిన్నిని బతిమాలి పెడల్ తొక్కిద్దామంటే ఆవిడ ఆ బండి ఉన్నంతకాలం షెడ్డులో అడుగు పెట్టనని ఒట్టేసుకుంది. చివరికి పెడల్‌కి కర్ర ఆనించి తోపుడు కడ్డీ ఎంత కదులుతోందో టేపుతో కొలిచాను. కదలాల్సినంతా కదులుతోంది. గేర్‌బాక్స్ పక్కనుండే చిన్న కిటికీలోంచి టార్చి వేసి ఫోర్కు చూశాను, బేరింగు చూశాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నాన్న మాత్రం కడ్డీ పొడుగు మార్చు, సిలిండర్ మార్చు, తుప్పుతో ప్లేటు అతుక్కుని ఉంటుంది, నడిపితే అదే వదులుతుందని రోజుకొకటి చెప్పాడు. ఒక్క విప్పమని తప్ప అన్నీ చెప్పాడు.

అందుకే చక్రాలు పైకెత్తి, గేర్లో వేసి, క్లచ్ తొక్కి, బ్రేకు కొట్టి చూశాను. తుప్పైతే ఆ దెబ్బకి ఊడాలి. బ్రేకు తొక్కినంతసేపూ ఇంజిను మూలిగింది. బ్రేకు వదలగానే చక్రాలు మళ్లీ తిరిగాయి. ఇది తుప్పు కాదు.

నాన్న కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నాడు. మధ్యాహ్నానికి గానీ రాడు. నర్సమ్మ నాలుగింటికి వస్తానంది. షెడ్డు షట్టర్ తలుపు సగం దించి, గేర్‌బాక్స్ మళ్లీ కిందికి దింపాను. ఒంటరిగా దింపడం తేలికేం కాదు, ట్రాలీ జాకీ మీద దానికి గోనెసంచి పరిచి, జోకొడుతూ వెనక్కి లాగాను. పదకొండున్నరకి క్లచ్ నా ఎదురుగా ఉంది. ప్లేటుని ఫ్లైవీల్‌కేసి, అంటే ఇంజినుతో పాటు తిరిగే బరువైన చక్రానికేసి, అదిమిపట్టే ఇనపమూత, దాని చుట్టూ ఆరు బోల్టులు. అన్నిటి మీదా వేలు మందం మురికి.

ఇక్కడ మా షెడ్డు అలవాటు ఒకటి చెప్పాలి. ఇక్కడ ఏ బోల్టునైనా ఆఖరిసారి బిగించాక దాని తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి రంగుతో సన్నటి గీత గీస్తాం. తర్వాత బోల్టు వదులైతే గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. ఎవరి చేతికి వాళ్ల రంగు. నాన్నది పసుపు, బాబాయిది నీలం, చిన్నమేస్త్రిది తెలుపు. నాకు పని వచ్చాక ఎరుపు ఇచ్చారు. ఏ పని ఎవరు చేశారని మా దగ్గర అడగక్కర్లేదు, తుడిచి చూస్తే చాలు.

తుడిచాను. పసుపు. అది నాకు ముందే తెలుసు, నాన్నే చెప్పాడు కదా. పానా తగిలించబోతూ ఆగాను. గీత ఒకటి కాదు. పక్కపక్కన రెండున్నాయి. మొదటిది వెలిసిపోయి ఉంది, తల మీది ముక్క ఒక చోట, మూత మీది ముక్క ఇంకో చోట, గోరంత ఎడంగా ఉన్నాయి. రెండోది కాస్త చిక్కగా, తల మీంచి మూత మీదికి తెగకుండా ఉంది. ఆరింటికీ అంతే. అంటే ఈ బోల్టుల్ని ఒకసారి బిగించి గీత గీశారు. తర్వాత విప్పారు. మళ్లీ బిగించి మళ్లీ గీశారు. రెండుసార్లూ పసుపే.

విప్పాను. మూత తియ్యగానే క్లచ్ ప్లేటు నా చేతిలోకి ఒరిగింది. నడుమ బొడిపె, చుట్టూ స్ప్రింగులు. ఈ బండికి ఆ బొడిపె గేర్‌బాక్స్ వైపు ఉండాలి. అది ఫ్లైవీల్ వైపు ఉంది. ఈ ముఖం ఫ్లైవీల్‌కి అని కంపెనీవాడు గుద్దిన అక్షరాలు నా మొహంలోకి చూస్తున్నాయి. ఫ్లైవీల్ మధ్యలో బొడిపె ఒరుసుకున్న చోట గుండ్రటి గాటు, సగం తుప్పు, సగం ఈ నాలుగు రోజుల్లో నేను కొత్తగా తెప్పించిన మెరుపు.

ప్లేటు తిరగేసి బిగించారు. తిరగేసిన ప్లేటు ఎంత తొక్కినా వదలదు. చిన్నమేస్త్రి కాలు జారలేదు.

నేను ఏడవలేదు. కోపం కూడా ముందు రాలేదు. గీతలు రెండెందుకున్నాయన్న ఒక్క ముక్కే చెవి దగ్గర జోరీగలా తిరుగుతూ ఉంది.

నాన్న రెండింటికి వచ్చాడు. కళ్లలో చుక్కలు వేశారట, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చాడు. సగం దించిన తలుపు దగ్గరే ఆగాడు. ఆయనకి మసక తప్ప ఏమీ కనిపించదు, కానీ గేర్‌బాక్స్ ఆయిలు వాసన తెలిసినట్టుంది.

"విప్పేశావా" అన్నాడు.

విప్పేశానన్నాను. కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. ప్లేటు ఆయన ఒళ్లో పెట్టాను. బొటనవేలితో ఒకవైపు తడిమాడు, తిప్పి రెండోవైపు తడిమాడు. ఏ వైపు ఎటుందో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆ అడగకపోవడంతోనే నాకు సగం తెలిసిపోయింది.

మిగతా సగం ఆయనే చెప్పాడు. ఆ వారమంతా లారీ క్లచ్‌లు బిగించాడట. వాటికి బొడిపె ఫ్లైవీల్ వైపే ఉండాలి. ఆ చేత్తోనే దీన్నీ బిగించాడు. అక్షరాలు చూసే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు, వేలికి తెలుస్తుందనేవాడు. బిగించాక చేతులు కడుక్కోవడానికి వెళ్తూ, బండి బయట పెట్టమని చిన్నమేస్త్రికి చెప్పాడు. సబ్బు నురగ ఇంకా మోచేతుల మీద ఉండగానే ఆ చప్పుడు విన్నాడు.

"పొరపాటు ఎవరైనా చేస్తారు నాన్నా" అన్నాను. నిజంగానే అన్నాను. నేనూ చేశాను, ఇంకా చేస్తాను. "రెండో గీత సంగతి చెప్పు."

మూడో రోజు సాయంత్రం విప్పానన్నాడు. చిన్నమేస్త్రి మాట చెవుల్లోంచి పోలేదట. విప్పాడు, చూశాడు.

"చూసి?"

"ఎలా ఉందో అలాగే పెట్టి బిగించేశాను."

నాకు అర్థం కాలేదు. తిప్పి సరిగ్గా పెట్టొచ్చు కదా, లేకపోతే నలుగురినీ పిలిచి చూపించొచ్చు కదా అన్నాను. ఈ రెండూ కాకుండా తప్పుని మళ్లీ తప్పుగానే బిగించడమేమిటి?

"తిప్పి పెడితే నేను దాచినట్టవుతుంది" అన్నాడు నాన్న. "అలాగే పెట్టేస్తే నేను చూడనట్టే కదా అనుకున్నాను."

ఇంత పని తెలిసిన మనిషి, ఇంజిను చప్పుడు విని ఏ సిలిండరు అలిగిందో చెప్పే మనిషి, ఇంత చిన్నపిల్లాడి లెక్క వేసుకుని ముప్ఫై ఏళ్లు బతికాడు. మరి గీత ఎందుకు గీశావని అడిగాను. ఆ సంగతి ఆయనకే ఇన్నాళ్లూ తెలియదు. నేను చెబితేనే తెలిసింది. బోల్టు బిగించిన చెయ్యి అలవాటుగా రంగు డబ్బా అందుకుంది, అంతే. దొంగతనం చేసి సంతకం పెట్టి వచ్చిన దొంగని నేనెక్కడా వినలేదు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. పిన్ని. బాబాయి పోయాక పైగదిలోనే ఉండిపోయింది మా పిన్ని. అమ్మ లేని నన్ను పెంచింది ఆవిడే. ఈ మూడు వారాలుగా టీ ఫ్లాస్కు మూడో మెట్టు మీద పెట్టి, అటునుంచి అటే వెళ్లిపోతోంది. ఇవాళ పెట్టాక వెళ్లలేదు.

"ఏమే, ఆ శనిగొట్టుది ఇంకా పోలేదా" అని అక్కణ్ణుంచే అడిగింది.

సాయంత్రానికి పోతుందన్నాను.

"ఆ చిన్నమేస్త్రిగాడికి చెప్పు. తొక్కమను బాగా. ఈసారైనా కాలు జారకుండా చూసుకోమను." ఆవిడ గొంతులో కోపం కూడా అరిగిపోయింది. రోజూ వేసే తలుపు గడియలా అలవాటుగా అంది ఆ మాట. మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన తలుపు పడేదాకా నాన్న ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

తర్వాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి. ప్లేటు తిప్పి సరిగ్గా పెట్టెయ్యమన్నాడు. గీతలు తుడిచేసి, నీ ఎరుపు గీసెయ్యమన్నాడు. బండి బాగవుతుంది, నర్సమ్మ తీసుకుపోతుంది, వాళ్ల నాన్న ముచ్చటపడ్డట్టే ఒకసారి తొక్కుతాడు, అంతటితో పోతుంది.

"తొక్కితే బండి ఆగుతుంది నాన్నా" అన్నాను. "సరిగ్గా ఆగుతుంది. ఆయన తొక్కి చూస్తానంటున్నది ముచ్చటకి కాదు. ఆ రోజు తన కాలు నిజంగా పెడల్ మీదే ఉందా లేదా అని ఆయనకే అనుమానం వచ్చేసింది. ముప్ఫై ఏళ్లు అందరూ ఒకటే మాట అంటే ఎవరికైనా వస్తుంది. నేను ఇది సరిచేసి ఇస్తే, తొక్కగానే బండి కదలకుండా నిలబడితే, నా కాలే జారిందనుకుని చచ్చిపోతాడు."

నాన్న తల వంచుకున్నాడు. ఆయనకి ఈ సంగతి కొత్త కాదు. ఈ మూడు వారాలూ కుర్చీలో కూర్చుని ఆలోచించింది ఇదే అయ్యుంటుంది. కళ్లద్దాల కిందనుంచి నీరు కారింది. అది చుక్కల మందో ఏడుపో నేను తేల్చుకోలేదు.

"నిజమే" అన్నాడు. "కానీ వాడు పోయేవాడు తల్లీ. మీ పిన్ని ఉండేది."

పైకి వేలు చూపించాడు, అంతే. నేను పైకప్పు వైపు చూశాను. ఆవిడ గది సరిగ్గా మా తలల మీద ఉంది. కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఒక మనిషిని ముప్ఫై ఏళ్లు తప్పుగా తిట్టానని, అసలు మనిషి కింద కూర్చుని తను పెట్టిన టీ తాగుతున్నాడని ఆవిడకి నేను ఎలా చెప్పాలి? ఆవిడ చేతి అన్నం తిని పెరిగిన నోటితో ఎలా చెప్పాలి? నాకు నాన్న మీద అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే జాలి కూడా వేసింది. రెంటిలో ఏది ముందో చెప్పలేను.

నాన్న జేబులోంచి గుడ్డ తీసి, రంగు చెరిపే థిన్నరు డబ్బా కోసం బల్ల తడిమాడు. దొరికింది. మూత తియ్యబోయి సగం నేల మీద ఒలకబోశాడు. బోల్టులు ఎక్కడున్నాయని అడిగాడు. ఫ్లైవీల్ పక్కనే రేకు పళ్లెంలో ఉన్నాయి, ఆయన చేతికి జానెడు దూరంలో. ఆయనకి కనిపించడం లేదు.

"చుక్కలు వేశారమ్మా" అన్నాడు. "నువ్వే తుడిచెయ్యి."

తుడిచాను. ఇది రాయాలని లేదు, కానీ తుడిచాను. ముందు మూత మీది గీతలు. తర్వాత ఒక బోల్టు తల, రెండోది, మూడోది. పసుపు రంగు గుడ్డకి అంటుకుంది. నాన్న వేళ్లు మోకాళ్ల మీద లెక్కపెడుతున్నాయి. నాలుగోది. అయిదోది. ఒకటే మిగిలింది కదా అన్నాడు నాన్న, చూడకుండానే.

అప్పుడు వెలిగింది నాకు. ఈయనకి కనిపించదు. తుడవకుండానే తుడిచానని చెప్పొచ్చు. మొదటి బోల్టు నుంచీ చెప్పి ఉండొచ్చు. ఇంత చిన్న ఆలోచన అయిదు బోల్టులు అయ్యేదాకా నా మట్టిబుర్రకి తట్టలేదు. ఆరో బోల్టుని పిడికిట్లో పెట్టుకుని, ఉత్త గుడ్డని పళ్లెం మీద గరగరా రుద్దాను.

"అయిపోయింది నాన్నా" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. అదే క్షణంలో సగం దించిన తలుపు కింద తెల్లటి బూట్లు కనిపించాయి. నర్సమ్మ వంగి లోపలికి వచ్చింది. నాలుగింటికి వస్తానన్న మనిషి రెండున్నరకే వచ్చింది. థిన్నరు ఘాటుకి ముక్కు మూసుకుని, గేర్‌బాక్స్ వైపు, నాన్న ఒళ్లో ఉన్న ప్లేటు వైపు, నా చేతిలో పసుపు మరకల గుడ్డ వైపు చూసింది.

బండి ఇంకా అవలేదు, కాస్త టైము పడుతుందని ఏదో గొణిగాను.

"తొందరేం లేదక్కా" అంది. "నాన్న బయట ట్యాక్సీలో ఉన్నారు. దిగలేరు, ఆక్సిజన్ పెట్టాం. విప్పారేమో చూడమన్నారు. విప్పి ఉంటే మళ్లీ మూసే ముందు నన్ను ఒక్కటి చూసి రమ్మన్నారు."

ఏమిటని నాన్న అడిగాడు. ఆయన గొంతు నేనెప్పుడూ విననంత మామూలుగా ఉంది.

"ఆ బోల్టుల మీద పసుపు గీతలు ఇంకా రెండూ ఉన్నాయా అని."

అంటే నాన్న రెండోసారి విప్పిన సంగతి ఆ మనిషికి ముందే తెలుసు. నాన్న నల్లకళ్లద్దాలు మెల్లగా ఆమె గొంతు వైపు తిరిగాయి. పైన పిన్ని కుర్చీ జరిగింది. నా పిడికిట్లో ఆరో బోల్టు చెమటకి తడుస్తోంది.